రంగు లేని మూడు పటాలు

సల్మాబాద్, బహ్రెయిన్
3 మార్చి 2024

అక్కా,

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ రంగును ఉన్నదున్నట్టు చూపించదు. ఈ కాగితం అడుగున మూడు రంగు చుక్కలు పెట్టాను. వాటిని బల్బు కింద కాకుండా, పొద్దున వాకిట్లో నిలబడి చూడు. మొదటిది బూడిద కలిసిన గులాబీ. అది నాకు కుదరడం లేదు. దాని కోసమే ఈ ఉత్తరం.

పదేళ్లుగా ఈ వర్క్‌షాపులో అద్దాలు కోస్తూ, పటాలు కడుతూ ఉన్నాను కదా. వచ్చేవన్నీ పెళ్లి ఫోటోలు, కంపెనీల సర్టిఫికెట్లు. పోయిన శనివారం బుసైతీన్ నుంచి ఒక పెద్దావిడ రేకు పెట్టె తెచ్చింది. పేరు మలికా బేగం. అందరం మలికమ్మ అంటున్నాం. పుట్టింది కరీంనగర్‌లోనట, నాతో తెలుగే మాట్లాడింది. ఆమె భర్త మీనా సల్మాన్ ఓడరేవులో గుమస్తా. ఆస్ట్రేలియా ఓడల నుంచి దిగే గొర్రెలను లెక్కపెట్టేవాడు. ఆ ఓడల్లో వచ్చే పశువుల డాక్టరొకాయన, ఇక ఇటు రానని చెప్పి పోతూ, ఆ పెట్టె మలికమ్మ భర్త చేతిలో పెట్టి పోయాడట.

పెట్టెలో పద్దెనిమిది బొమ్మలు. సీతాకోకచిలుకలనుకున్నాను. కాదు, మనం దీపం పురుగులంటామే, అవి. అన్నీ ఆస్ట్రేలియావి. నూటయాభై ఏళ్ల కిందట ఒక పుస్తకం కోసం రాతి మీద గీసి అచ్చువేసి, తర్వాత ఒక్కొక్క కాగితానికీ చేత్తో రంగులద్దారు. పురుగు ఒక్కటే కాదు, దాని గొంగళి, గూడు, అది తినే నీలగిరి కొమ్మ కూడా ఉన్నాయి. అక్కా, గొంగళి ఒంటి మీది ఒక్కో వెంట్రుకకూ రంగుంది. రెక్క మీది పొడి వేలికి అంటుతుందేమో అనిపించింది. చూసిన మొదటి రోజే ఆ రంగులు వేసినవాళ్ల మీద నాకు కుళ్లు పుట్టింది. ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల మీద!

పద్దెనిమిదిలో మూడింటికి రంగు లేదు, ఉత్త గీతలే. వాటికీ రంగు వేయించి అన్నీ ఒకే గోడకు పెట్టాలని ఆమె భర్త కోరిక. తీరకుండానే పోయాడు. మా మేనేజర్ ఇస్హాఖ్ భాయ్ తల గోక్కున్నాడు.

"అమ్మా, అమ్ముకునేటోళ్లయితే పాత కాగితాన్ని ముట్టొద్దంటరు."

"నేనేం అమ్ముతనయ్యా. గోడకు పెట్టుకుంట."

"మరి రంగులు వేసేటోడు యాడ దొరుకుతడు?"

"నేను వేస్త," అన్నాను.

నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. కానీ బాపు పక్కన నేనూ ఆరేళ్లు కూర్చున్నాను కదా, చివరికి కుంచెలు నీకే ఇచ్చినా.

ఆ గులాబీ ఎలా కలపాలో వెంటనే రాయి. అమ్మ మోకాళ్లకు నూనె బాలన్నతో పంపుతాను. క్యాంపులో నా పక్క మంచం ఆయనదే. ఎండాకాలం చివర్లో సెలవు మీద వస్తాడు.

నీ తమ్ముడు
పరమేశ్


నిర్మల్
24 మార్చి 2024

తమ్మీ,

నీ ఉత్తరం పట్టుకుని వాకిట్లో నిలబడితే అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎవలు సచ్చిండ్రే?" అంది. పోస్టులో కాగితమొస్తే చావు కబురేనని ఆమె లెక్క. నీ కొడుకు పురుగులకు రంగులేస్తున్నాడంటే, "దుబాయి పోయి గదేం పనే!" అని మళ్లీ పడుకుంది.

నీ చుక్కల్లో రెండోది, మూడోది సరిగ్గా ఉన్నాయి. మొదటిదాంట్లో తెల్లరంగు కలిపావు. కలపకు. తెలుపు కాగితంలోనే ఉంది, దాన్నే మిగుల్చుకోవాలి. ఎరుపును బాగా నీళ్లు చేసి ఒక్క పూత వెయ్యి. అది పూర్తిగా ఆరాక బూడిద రంగును ఊదినంత పల్చగా దాని మీద వెయ్యి. ఆరకముందే వేశావో, బురదే. నీకు ఆగడం రాదు, అదొక్కటే నీ జబ్బు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. పాత కాగితంలో జిగురు చచ్చిపోయి ఉంటుంది. మూలకు తడివేలు ఆనించి చూడు. తడిని లోపలికి గుంజుకుంటే రంగు ముట్టించకు. ముందు పల్చని జిగురునీళ్లు పట్టించి ఆరబెట్టాలి.

నిజం చెప్పనా? చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఇరవైరెండేళ్లుగా అప్పాజీ గారి కార్ఖానాలో అవే జింకలు, అవే నెమళ్లు, పళ్లేల మీద, పెట్టెల మీద. ఏ బొమ్మ కిందా నా పేరు రాయనివ్వడు. కుంచె వదిలేసి పోయిన నీ ముందుకేమో ఆ పెట్టె దానంతట అదే నడిచొచ్చింది. అందులో ఒక్క బొమ్మను నా కళ్లతో చూడాలని ఉంది.

అయినా నువ్వు నన్నడిగావు, అది చాలు. ఇది మనిద్దరం కలిసి చేసే పని అనుకుంటాను.

కుంచెల మాట మాత్రం ఎత్తకు.

అక్క
జమున


సల్మాబాద్
26 మే 2024

అక్కా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈద్ సెలవుల్లో కంపెనీ పోస్టు డబ్బాను ఎవరూ తెరవలేదు.

జిరాక్సుల మీద వేసి చూశాను. నువ్వు చెప్పినట్టు చేస్తే గులాబీ కుదిరింది. రంగు కలపడం కుదురుతోంది, రెక్క మీద పెట్టడం కుదరడం లేదు. నాకిక్కడ డ్యూటీ, ఓవర్‌టైం, కుదురుగా కూర్చునే టైమే లేదు. అందుకని అసలు కాగితాలు రెండింటిని ప్లైవుడ్ పలకల మధ్య కట్టి బాలన్నతో పంపుతున్నాను. ఒకటి రెక్కల మీద నాలుగు కంటిమచ్చలున్న పెద్ద పురుగు. ఇంకోటి చెట్టు మొద్దును తొలిచే బూడిద రంగుది. మలికమ్మ మనవరాలు రిదా ఇంటర్నెట్‌లో తీసిన ఫోటోలు కూడా పెట్టాను. రంగు వేసిన పదిహేను బొమ్మలను చూసి, అందులోని ప్రతి రంగునూ కలిపి ఒక కార్డు మీద చుక్కలు పెట్టాను. అదీ అందులోనే ఉంది.

మలికమ్మకు చెప్పే పంపుతున్నాను. మూడోదాని సంగతి ఆమె ఆలోచించుకుని చెబుతానంది.

జాగ్రత్త అక్కా. ఇలాంటివి మళ్లీ దొరకవు. వంటింట్లో పెట్టకు, అమ్మను ముట్టనీయకు.

పరమేశ్


నిర్మల్
28 జులై 2024

తమ్మీ,

బాలన్న పలకలు విప్పి మంచం మీద పెట్టినప్పటి నుంచి నేను మీ బావకు గానీ, కార్ఖానాకు గానీ అందలేదు. ఒంట్లో బాగాలేదని అప్పాజీ గారికి కబురు పంపాను. నిజంగానే బాగాలేదు. మొదటి మూడు రోజులు అన్నం సయించలేదు. ఆ గీతలు గీసిన చెయ్యి ఎంత చెయ్యిరా! ఒక్కచోట తడబడి ఉంటుందేమోనని భూతద్దం పెట్టి వెతికాను. దొరికితే నాకు కాస్త నిద్ర పట్టేది. దొరకలేదు.

నీ రంగుల కార్డు చూశాను. నలభైరెండు చుక్కలు. నాకలా చూసి కలపడం రాదు, వేస్తూ వేస్తూ వెతుక్కుంటాను. నీ కన్ను మీద నాకు చిన్నప్పటి నుంచీ అసూయే. ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు కాగితం మీద కాబట్టి చెబుతున్నాను.

రిదా ఫోటోల్లో రెక్కలు అట్టముక్కల్లా ఉన్నాయి. బతికున్న పురుగు రెక్క వెలుతురును ఎలా పట్టుకుంటుందో చూడకుండా కుంచె ముట్టబుద్ధి కాలేదు. దసలి పట్టు గూళ్లలోంచి వచ్చే పురుగు కూడా ఆ కంటిమచ్చలదాని చుట్టమేనని మీ బావ ఎక్కడో చదివాడట. ఇద్దరం బస్సెక్కి చెన్నూరు పోయాం. అక్కడ భూలక్ష్మి అనే ఆమె గూళ్లను దండలుగా గుచ్చి షెడ్డులో వేలాడదీసింది. పొద్దున్నే పోయేసరికి పురుగులు గూళ్లలోంచి వచ్చి, దండలు పట్టుకుని రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"ఎన్ని గూళ్లు కావాలె?" అనడిగింది.

"గూళ్లొద్దు. పురుగును సూసి పోతం."

"సూసేటందుకు నిర్మల్ నుంచి అచ్చిండ్రా!" అని నవ్వి, ఒకదాన్ని నా చేతి మీద పెట్టింది. వాటికి నోరుండదట. వారం బతికి, గుడ్లు పెట్టి పోతాయట.

కంటిమచ్చ నడుమ రంగు లేదు తమ్మీ. అక్కడ పల్చటి అద్దం ముక్కలా ఉంది. దాని గుండా నా గాజులు కనిపించాయి. అందుకే మన పటంలో ఆ నడిమి చుక్కకు ఏమీ వేయలేదు. కాగితాన్నే వదిలేశాను. ఇంటర్నెట్ చూసి వేసుంటే అక్కడ తెల్లచుక్క పెట్టి చెడగొట్టేదాన్ని.

ముందుగా జిగురునీళ్లు పట్టించి, ఇరవై ఆరు రోజులు చేశాను. ఇంకో పూత వేయాలనిపించిన చోట చెయ్యి తీసేశాను. వచ్చే వారం బాలన్న బయలుదేరుతున్నాడు. రెండు కాగితాల వెనుకా పెన్సిల్‌తో చిన్నగా నా పేరు రాశాను. మలికమ్మకు చూపించు. చూసి ఆమె ఏమందో ఒక్క మాట కూడా వదలకుండా రాయి. మూడోది కూడా పంపమని నేను అడిగానని చెప్పు.

కార్ఖానాకు పోయి జింకల ముందు కూర్చోవాలంటే ఏడుపొస్తోంది.

అక్క


సల్మాబాద్
30 ఆగస్టు 2024

అక్కా,

బాలన్న భద్రంగా తెచ్చాడు. మలికమ్మ చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. బాగున్నాయంది. మూడోదాన్ని అలాగే ఉంచుతుందట.

నన్ను అద్దాల షెడ్డు నుంచి లోపలి గదికి మార్చారు. పాత బొమ్మలు శుభ్రం చేసే బల్ల నాకిచ్చారు. ఏసీ ఉంది.

ఎండలు బాగా ఉన్నాయి. అమ్మకు నూనె సరిపోయిందా?

పరమేశ్


నిర్మల్
22 సెప్టెంబర్ 2024

తమ్మీ,

ఇరవై ఆరు రోజుల పనికి నువ్వు రాసింది పట్టుమని పది వాక్యాలు లేదు. డ్యూటీలో అలసిపోయి ఉంటావని సర్దుకున్నాను. మలికమ్మ నా గురించి ఏమీ అడగలేదా అని ఇంకో ఉత్తరం కూడా మొదలుపెట్టాను. అది చింపేశాను. ఎందుకో చెబుతాను.

మొన్న వినోద వచ్చింది. నీ పెళ్లాం మా గడప తొక్కి ఆర్నెల్లు దాటింది. కట్టుకున్నవాడి గొప్ప చెప్పుకోవడానికి వచ్చింది పాపం. ఫోన్ తీసి, "ఇగో వదినా, మీ తమ్ముడు ఎట్ల చేసిండో సూడుండ్రి," అని నువ్వు పంపిన వీడియో పెట్టింది.

చూశాను. నీ బల్ల మీద నా రెండు పటాలు. మలికమ్మ నీ చెయ్యి పట్టుకుని, "ఈ చేతుల్ల ఏమున్నదో బిడ్డా!" అంటోంది. నువ్వు తల వంచుకుని నవ్వుతున్నావు. వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు.

"మీ బాపు చెయ్యి ఈయనకే వచ్చిందట గదా వదినా? ఆయననే చెప్పిండు," అంది వినోద.

"అవును," అన్నాను. "బాగ చేసిండు."

ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చాను. అమ్మ అన్నీ వింది. వినోద పోయాక, "నువ్వు గూడ ఏమనకు బిడ్డా, వాడు ఒంటరిగ ఉన్నడు," అంది. నేను కార్ఖానాలో ఇరవైమంది నడుమ కూర్చుంటాను కాబట్టి ఒంటరిని కాదని ఆమె అనుకుంటోంది.

కాగితాల వెనుక నా పేరుందా, చెరిపేశావా? అదొక్కటి రాయి.

జమున


సల్మాబాద్
13 అక్టోబర్ 2024

అక్కా,

చెరిపేశాను.

విన్నావు కదా, ఇక మిగతాది కూడా విను. నీకు నేను ఎప్పుడూ తమ్ముడిలా కనిపించలేదు, నీ పక్కన కూర్చుని రంగులు నూరేవాడిలా కనిపించాను. చుట్టాలొస్తే బాపు నీ బొమ్మే చూపించేవాడు. నా బొమ్మ పక్కనే ఉన్నా దాన్ని తీసి వెనక్కి పెట్టేవాడు. పదో తరగతి సెలవుల్లో నేను వేసిన ఏనుగును నువ్వే దిద్దావు, ఒక్క గీత. అందరూ ఆ గీతనే మెచ్చుకున్నారు. గుర్తుందా? నీకు గుర్తుండదు. కుంచెల పెట్టె నీకిచ్చిన రోజు నేను ఊరు విడిచి పోవడానికి రైలు టికెట్‌కు డబ్బులడిగాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇక్కడ పదేళ్లలో నా చేతికి దక్కినవి అద్దం కోతలే. కుడిచేతి బొటనవేలికి స్పర్శ సగమే ఉంది. ఆ ముసలమ్మ ఆ చేతిని పట్టుకుని మెచ్చుకుంది. ఒక్క నిమిషం, అక్కా. ఆ ఒక్క నిమిషం నీ పేరు చెప్పి నేను మళ్లీ వెనక్కి జరగలేకపోయాను. ఆమెకు నువ్వున్నావనే తెలియదు. పటాలు ఊరు దాటి పోయాయని కూడా తెలియదు.

నీకేం తక్కువ? ఇల్లుంది, అమ్మ ఉంది, బావ ఉన్నాడు, బాపు పేరుంది, చెయ్యి ఉంది. ఈ ఒక్కటి నాకు వదిలెయ్యి. ఈ విషయం మీద ఇక ఉత్తరాలు రాయకు.

పరమేశ్


నిర్మల్
3 నవంబర్ 2024

పరమేశ్,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఆపుతాను.

బాపు కుంచెలు నాకిచ్చినప్పుడు నువ్వు ఇంట్లో లేవు. అమ్మతో ఆయనన్న మాటలు నేను తలుపు వెనక నుంచి విన్నాను. "ఆడివిల్ల యాడికి పోతది, ఇంట్ల కూసొని ఈ పని చేసుకుంటది. వానికి ఇయ్యను. ఇస్తే వాడు గూడ నా లెక్కనే ఇండ్ల కూసొని కండ్లు పోగొట్టుకుంటడు. వాడు బయటికి పోవాలె." ఇదీ ఆయనన్నది. నా బొమ్మను మెచ్చి ఇవ్వలేదురా. నేను ఎక్కడికీ పోనని ఇచ్చాడు. నీ బొమ్మను వెనక్కి పెట్టింది బాగాలేక కాదు, ఎవరైనా మెచ్చుకుంటే నువ్వు ఇక్కడే ఉండిపోతావని.

నీకు కుంచె దక్కలేదని ఏడుస్తున్నావు. నాకు పాస్‌పోర్టు దక్కలేదు. నువ్వు విమానమెక్కిన రోజు ఊరంతా నిన్ను సాగనంపడానికి బస్టాండుకు వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను. తలనొప్పని చెప్పాను. తలనొప్పి కాదు.

ఇది నీకు చెప్పకూడదనే ఇన్నేళ్లు అనుకున్నాను. చెబితే బాపు నీకు దగ్గరవుతాడు, నాకు దూరమవుతాడు. అందరూ మెచ్చుకునే ఆ కుంచెల పెట్టె సంగతి అమ్మ తర్వాత నాకొక్కదానికే తెలిసి ఉండటం, ఎలా చెప్పను, అది కూడా నా సొత్తే అనిపించేది.

మలికమ్మకు నా పేరు చెప్పకపోయినా సరే. నీ పేరు మాత్రం చెప్పుకోకు. నీ పేరుతో ఉన్న నా పని నా కడుపులో ముల్లులా గుచ్చుకుంటోంది. అమ్మ బాగానే ఉంది.

జమున


సల్మాబాద్
1 డిసెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం రెండు వారాలు జేబులో పెట్టుకుని తిరిగాను. జవాబు రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చేశాక కూర్చున్నాను.

పోయిన గురువారం మలికమ్మ, రిదా వచ్చారు. రిదా బ్యాంకులో పనిచేస్తుంది, వెతికి పట్టుకోవడంలో ఘటికురాలు. అదే పుస్తకంలోవి, రంగు లేనివి, మరో ఏడు కాగితాలు ఇంగ్లండ్ నుంచి తెప్పించింది. వాటిని నా బల్ల మీద పరిచింది. మలికమ్మ కుర్చీ తెప్పించుకుని నా ఎదురుగా కూర్చుంది.

"వెయ్యి బిడ్డా. నేను సూస్త కూసుంట."

కుంచె తడిపాను. కాగితం దాకా తీసుకుపోయాను. చెయ్యి ఆగిపోయింది. ఇస్హాఖ్ భాయ్ వెనక నుంచి, "యల్లా, మొదలుపెట్టు," అంటున్నాడు.

"నేను వెయ్యలేనమ్మా," అన్నాను. "అవి గూడ నేను వెయ్యలే. మా అక్క వేసింది."

"మీ అక్క ఇక్కడ ఉన్నదా?"

"లేదు. నిర్మల్‌ల ఉంటది. బాలన్నతోని పంపిన."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడింది. "నా మొగని వస్తువును నాకు చెప్పకుంట సముద్రం దాటించినవా? తడిసి ఉంటే? పోయి ఉంటే ఏం చేద్దువు?"

అక్కడితో ఆగొచ్చు. కానీ నీకు కూడా చెప్పనిది ఇంకోటుంది. మూడోదాన్ని మలికమ్మ ఉంచుకోలేదు. నేను చెడగొట్టాను. ఏప్రిల్‌లో, నీ ఉత్తరం అందకముందే, ఆగలేక నేరుగా ఆకుపచ్చ రంగు ముట్టించాను. కాగితం దూదిలా గుంజుకుంది. రెక్క నడుమ నిమ్మకాయంత మరక. అట్టల మధ్య దాచాను. దాన్ని తీసి ఆమె ముందు పెట్టాను.

మరక చుట్టూ వేలు పెట్టి చూసింది. "ఎప్పుడు?" అంది.

"ఏప్రిల్ల."

"ఎనిమిది నెలల నుంచి నాతోని కూసొని చాయ్ తాగుతున్నవు బిడ్డా."

ఆ మాటకన్నా కొట్టినా బాగుండేది. రిదా అన్నీ పెట్టెలో సర్దింది. ఇస్హాఖ్ భాయ్ నన్ను చూసి, "ఖలాస్. అద్దాల కాడికి పో," అన్నాడు. గుమ్మం దాకా పోయి మలికమ్మ వెనక్కి తిరిగింది.

"మీ అక్క పేరేంది?"

చెప్పాను. రిదా రాసుకుంది. నీ ఫోన్ నంబర్ కూడా ఇచ్చాను.

గుండె తేలికైందని రాస్తే అబద్ధం. ఆమె నీ పేరడిగినప్పుడు కూడా నాకు మండింది. వినోదకు ఫోన్‌లో అంతా చెప్పాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, "వదిన ఆ దినం నాకు చాయ్ పోసింది," అని ఏడ్చింది.

బాపు మాట నువ్వు రాసినచోట కాగితం చిరిగేదాకా చదివాను. నువ్వు ముందే చెప్పి ఉంటే నేను ఈ ఊరికి వచ్చేవాణ్ణి కాదేమో. వచ్చేవాణ్ణేమో. తెలియదు. నిన్ను తిట్టాలని కూర్చున్నాను, చేతకాలేదు.

పరమేశ్


బుసైతీన్
11 ఫిబ్రవరి 2025

తమ్మీ,

నేను దిగి తొమ్మిది రోజులైంది. నువ్వున్న సల్మాబాద్‌కు, నేనున్న ఈ ఇంటికి మధ్య కారులో అరగంట కూడా లేదని రిదా చెప్పింది. అయినా నీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. రిదా డ్రైవర్‌తో పంపుతున్నాను.

ఎయిర్‌పోర్టులో నీ కోసం చూశాను. బాలన్న వచ్చాడు. "వానికి డ్యూటీ ఉన్నదమ్మా," అన్నాడు నేల చూస్తూ. ఆయనకు అబద్ధం చేతకాదు. ఇంకోసారి చెప్పించకు.

ఈ కాగితాలు మళ్లీ సముద్రం దాటకూడదని మలికమ్మ పట్టుబట్టింది. రిదా ఫోన్ చేసి పిలిచి, పాస్‌పోర్టు, టికెట్ ఖర్చులు పెట్టుకుంటే, కాగితాలకు బదులు నేనే దాటి వచ్చాను. తన కళ్ల ముందే కూర్చుని వెయ్యాలని మొదటిరోజే చెప్పింది. అలాగే ఎదురుగా కూర్చుంటోంది. నలభైమూడేళ్లకు మొదటిసారి విమానమెక్కానని చెబితే నవ్వి, నాకు తన గదిలోనే మంచం వేయించింది. అప్పాజీ గారికి నెల సెలవు చెప్పాను. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. వచ్చేశాను.

మొన్న ఆ పదిహేను బొమ్మలను మొదటిసారి దగ్గరగా చూశాను. నువ్వు మొదటి ఉత్తరంలో రాసింది తక్కువే. నాకు ఏడుపొచ్చింది, అది సంతోషంతో వచ్చిన ఏడుపు మాత్రం కాదు. ఇన్నాళ్లూ వీటిని రోజూ చూసినవాడివి నువ్వు!

ఇక అసలు సంగతి. ఏడింటిలో మొదటిదాని ముందు నాలుగు రోజులుగా కూర్చున్నాను. కుంచె ముట్టలేదు. ఇక్కడి వెలుతురు మన వాకిటి వెలుతురు కాదు, తెల్లగా, ఉప్పు చల్లినట్టుంది. నేను కలిపిన బూడిద ఈ కిటికీ దగ్గర నీలంగా కనిపిస్తోంది, బల్ల దగ్గర మట్టిగా కనిపిస్తోంది. ఏది నిజమో నాకు తెలియడం లేదు. రిదాను అడిగితే రెండూ బాగున్నాయంటుంది. మలికమ్మను అడిగితే, "మీ తమ్ముడైతే చెప్పేటోడు," అంది. నీ మీద ఆమెకు కోపం పోలేదు, చాయ్ మాట రోజూ ఎత్తుతుంది. కానీ ఆకుపచ్చల్లో ఇన్ని రకాలున్నాయని నువ్వు చెప్పేదాకా తనకు తెలియదట. అది విని నేను ఏమనుకున్నానో నీకు చెప్పాలా? ఇంత దూరం వచ్చినా ఈమె నోట వాడి మాటేనా అనుకున్నాను.

నేను నిన్ను క్షమించానా అని రాయను. ఆ మాట కాగితం మీద బాగుండదు. నాకు నీ కన్ను కావాలి. వచ్చి నా పక్కన కూర్చో. రంగులు నూరడానికి కాదు, చూసి చెప్పడానికి. నువ్వు చెప్పింది నాకు నచ్చకపోతే పోట్లాడతాను.

అమ్మ నీకు పల్లిపట్టీలు పంపింది. మలికమ్మ వాటిలో సగం తినేసింది.

అక్క
జమున


సల్మాబాద్
12 ఫిబ్రవరి 2025

అక్కా,

ఆ రోజు నాకు డ్యూటీ లేదు. ఎయిర్‌పోర్టుకు వచ్చాను. పార్కింగ్‌లో బాలన్న పక్కనే నిలబడ్డాను. అద్దాల తలుపులోంచి నువ్వు బయటికి రావడం చూశాను. రిదా నీకు పూలగుత్తి ఇచ్చింది. పదేళ్ల కింద నేను దిగినప్పుడు ఒక డ్రైవర్ నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు, ఆ పేరు కూడా తప్పే. అదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. వెనక్కి తిరిగి బస్సెక్కాను. బాలన్నను తిట్టకు.

నిన్ను చూస్తే కుళ్లు పోతుందని అనుకున్నాను. పోలేదు. ఇంకా కొన్నాళ్లు ఉండేట్టే ఉంది, నీకు ముందే చెబుతున్నాను.

బూడిదను కిటికీ దగ్గరా కలపకు, బల్ల దగ్గరా కలపకు. పటాలు పెట్టబోయే గోడ ముందు నిలబడి, మధ్యాహ్నం కలుపు. రోజూ కనిపించబోయే వెలుతురు అదే. అప్పటికీ తేలకపోతే అలాగే వదిలెయ్యి, ముట్టకు.

శుక్రవారం నాకు సెలవు. పొద్దున్నే వస్తాను. మలికమ్మ తలుపు తీస్తే ఏం మాట్లాడాలో నాకు ఇంకా తెలియదు. నువ్వు తియ్యి.

నీ తమ్ముడు
పరమేశ్